పేరు తీసేస్తే సరిపోదు: హెచ్ఐవి లెక్కలు, వాడ గోప్యత

(విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల అధ్యయన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నా తప్పుతోనే మొదలుపెడతాను. పీహెచ్‌డీ పనిలో భాగంగా హెచ్ఐవితో జీవిస్తున్న కొందరు దళిత మహిళలతో మాట్లాడాను. ఒక అధ్యాయం రాసి, చదివి చెప్పమని ఒక జూనియర్‌కి ఇచ్చాను. అందులో ఒకామె పేరు మార్చాను, ఊరి పేరు తీసేశాను. వయసు, భర్త చనిపోయిన సంగతి, ఆమె చేసే పని, మండలం, 'ఎస్సీ కాలనీ' అన్న మాట మాత్రం ఉంచాను. అవి కూడా తీసేస్తే ఇక విశ్లేషణ ఏముంటుంది అనుకున్నాను. ఆ అబ్బాయిది పక్క మండలం. రెండు పేజీలు చదివి, "అక్కా, ఈమె ఫలానా ఆవిడ కదా?" అన్నాడు.

ఆమే.

నా దగ్గర ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది, ఆమె సంతకం చేసిన సమ్మతి పత్రం ఉంది. అయినా ఆమె నన్ను నమ్మి చెప్పిన రహస్యం నా చేతుల మీదుగానే బయటపడింది. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి అక్కడితో ఆగింది. ఆ పేజీలు తీసేసి మళ్లీ రాశాను. అప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటే. కులం ఉన్న సమాజంలో పేరు తీసేస్తే మనిషి గుర్తు పోతుందా?

చట్టం ఏమంటుందో చూద్దాం. హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 8 ప్రకారం ఒక మనిషి హెచ్ఐవి స్థితిని బయటపెట్టాలంటే ఆ మనిషి సమ్మతి కావాలి. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటి పరిశోధకులకు ముఖ్యమైనది గణాంకాల మినహాయింపు. ఫలానా మనిషి అని పోల్చుకోవడానికి వీలులేని సమాచారమైతే సమ్మతి లేకుండానే వెల్లడించవచ్చు. అంటే ప్రశ్న పేరు ఉందా లేదా అన్నది కాదు. చదివినవారు పోల్చుకోగలరా లేదా అన్నది. ఈ కొలత ప్రకారం నా అధ్యాయం తప్పింది.

ఈ చట్టం తేలిగ్గా రాలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేస్తే హెచ్ఐవి ఉందని తేలింది. వైద్యం మాట అటుంచి, పోలీసులు తీసుకెళ్లి రెండు నెలలకు పైగా నిర్బంధించారు. 1998లో 'మిస్టర్ ఎక్స్' కేసులో ఆసుపత్రి నుంచి విషయం బయటికి పొక్కి ఒక వ్యక్తి పెళ్లి ఆగిపోయింది. సుప్రీంకోర్టు ఆసుపత్రిది తప్పు కాదంది. దానికి ఒక ఏడాది ముందే, 1997లో, బొంబాయి హైకోర్టు హెచ్ఐవి కారణంగా పని పోగొట్టుకున్న ఒక క్యాజువల్ కార్మికుడిని అసలు పేరు లేకుండా 'ఎంఎక్స్'గా కోర్టు గడప ఎక్కనిచ్చింది, తీర్పు కూడా అతనికే అనుకూలంగా ఇచ్చింది. పేరు దాచుకునే వీలు లేకపోతే ఆ కార్మికుడు కోర్టు దాకా వచ్చేవాడా? గోప్యత అనేది సిగ్గుకు సంబంధించిన విషయం కాదు, న్యాయం అడగడానికి దారి.

ఇప్పుడు మన వాడ దగ్గరికి వద్దాం. నగరంలో '32 ఏళ్ల మహిళ' అంటే లక్షల్లో ఒకరు. అరవై ఇళ్ల కాలనీలో '32 ఏళ్ల వితంతువు' అంటే ఒక్కరే. ఊరు మనల్ని విడిగా ఉంచింది కాబట్టి మన చిరునామాయే మన కులం చెబుతుంది. మండలం, కులం, వయసు, ఈ మూడు గడులు నింపిన పట్టికలో ఎక్కడైనా '1' అని పడితే అది అంకె కాదు, ఒక మనిషి ముఖం. జబ్బు మీద అపవాదు, కులం మీద అపవాదు కలిసి వచ్చినప్పుడు బోరింగు దగ్గర, బడిలో, కూలి పిలుపులో ఏం జరుగుతుందో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

"అయితే కులం వారీ లెక్కలే వద్దంటావా?" అని అడుగుతారు. వద్దనను. లెక్కలో లేనివాళ్లకు బడ్జెట్‌లో వాటా ఉండదు. మనం కులగణన అడుగుతున్నదీ అందుకే. మనల్ని లెక్కపెట్టాలి, మనల్ని బజారున పెట్టకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమే. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పేర్లతో ముడిపెట్టకుండా చేసిన రక్తపరీక్షల వల్లే దేశంలో హెచ్ఐవి బాధితుల అంచనా 50 లక్షలకు పైనుంచి 2007లో సుమారు 25 లక్షలకు దిగింది. మంచి లెక్కకు పేర్లతో పనిలేదని అక్కడే తేలింది.

అందుకే కొన్ని మాటలు. కులం వారీ వివరాలు జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఇవ్వండి, మండల స్థాయిలో వద్దు. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడిని ఖాళీగా వదలండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవారికి పింఛను ఉంది, మంచిదే. కానీ పింఛను జాబితాను గోడకు అంటించేటప్పుడు అందులో ఏ రకం పింఛనో తెలిపే గడి ఉంటే? పారదర్శకత పథకం లెక్కలకు కావాలి, రోగి ఒంటికి కాదు. కేస్ షీట్ అట్ట మీద ఎర్ర సిరాతో రాసే అలవాటు ఎక్కడ కనబడినా, చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడానికి రాష్ట్ర అంబుడ్స్‌మన్ ఉండాలి. మీ రాష్ట్రంలో ఎవరో కనుక్కోండి. విలేకరి మిత్రులకు ఒక్క మనవి. ఊరి పేరు ముందు 'ఎయిడ్స్' అని తగిలిస్తే ఆ ఊరి ఆడపిల్లల పెళ్లిళ్లన్నీ ఆ శీర్షిక మోయాలి.

పరిశోధక మిత్రులారా, మనకు నేను పెట్టుకున్న నియమం ఇది. రాసింది ముందు ఆ ప్రాంతం మనిషి ఒకరు చదవాలి. అంతకంటే ముందు, ఎవరి గురించి రాశామో ఆమెకే చదివి వినిపించాలి. ఆమె వద్దన్న వాక్యం పోవాలి, అది మన సిద్ధాంతానికి ఎంత అవసరమైనా సరే.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. దానికి డెబ్బై ఏళ్ల ముందే, 1947లో, బాబాసాహెబ్ తన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో మనిషి ఒంటికి, ఇంటికి, కాగితాలకు అకారణ సోదాల నుంచి రక్షణ ఉండాలని రాశారు. రాజ్యాంగంలో ఆ మాట అలాగే చేరలేదు. కానీ ఆయన ఎవరి ఇంటిని, ఎవరి కాగితాలను దృష్టిలో పెట్టుకున్నారో మనకు తెలుసు. నా ఫైల్లో ఉన్న ఆమె కాగితం కూడా అందులో ఒకటి.

జై భీమ్.