మొహియుద్దీన్ అనే పేరు



మమ్మల్ని మాట్లాడమన్న విషయం ఒక పేరును గురించి. మన ప్రగతి నగర్‌లో ‘మొహియుద్దీన్ సాబ్’ అని గట్టిగా పిలిస్తే ముగ్గురైనా వెనక్కి తిరుగుతారు. దీన్‌కు జీవం పోసేవాడని ఆ మాటకు అర్థం. బాగ్దాద్‌లో 1166లో కాలం చేసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ గారికి ఇది బిరుదు. దమాస్కస్‌లో సమాధి అయిన ఇబ్నె అరబీ గారికీ ఇదే. 1687లో గోల్కొండను పట్టుకున్న ఔరంగజేబు అసలు పేరులోనూ మొహియుద్దీన్ ఉన్నది. అంతెందుకు, మౌలానా ఆజాద్ గారికి పుట్టినప్పుడు పెట్టిన పేరు గులాం మొహియుద్దీన్. ఈ సంగతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక మన హైదరాబాదుకు వద్దాము. ఇక్కడ ఇద్దరున్నారు, ఒకరిని చెప్పబోయి ఇంకొకరిని చెప్పేవారిని మేము చూశాము. మొదటివారు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ. ‘జోర్’ అన్నది కలం పేరు. హిందుస్తానీ భాషలోని ధ్వనులను గురించి ఆయన వ్రాసిన పుస్తకం 1930లో పారిస్‌లో అచ్చయింది. 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించి, ఇంటింటా చెదలు తింటున్న వ్రాతప్రతులను పోగుచేయించారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. పంజగుట్టలో ఐవానె ఉర్దూ ఉన్నది, చూడనివారు ఒక ఆదివారం పిల్లలతో వెళ్లిరండి. 1962లో శ్రీనగర్‌లో గతించారు.

రెండవవారు మఖ్దూం మొహియుద్దీన్. 1908లో మెతుకుసీమలోని అందోలులో పుట్టారు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్ళిపోయారు. 1947 సెప్టెంబరులో నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు, తక్కిన ఇద్దరు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గార్లు. ‘బిసాతె రఖ్స్’కు 1969లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ఏడే ఆగస్టు 25న పోయారు. హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ వీరి పేరిటిదే, జోర్ గారిది కాదు.

ఒకరు పాత కాగితాలు కాపాడారు, మరొకరు జైళ్లకు వెళ్లారు. ఇద్దరూ ఉస్మానియాలో చదివినవారే. ఎవరు గొప్ప అని మమ్మల్ని అడగకండి!

మరి ఈ పేరును మనం ఎట్లా వ్రాస్తున్నాము? మొహియుద్దీన్, మొహిద్దీన్, మోహీదిన్. కొందరైతే మొయినుద్దీన్ అని కూడా దించేస్తారు. అది వేరే పేరండీ, దీన్‌కు సహాయకుడని దాని అర్థం, అజ్మీరు ఖ్వాజా గారి పేరు. ఇంగ్లీషులో ‘డి’ ఒకటా రెండా అన్నది ఇంకో తగవు. ధ్వనులను శాస్త్రంగా చదివిన జోర్ గారి పేరుకే ఈ గతి పట్టడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. నవ్వులాటతో పోయేది కాదు. పదో తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో మూడో తీరు ఉంటే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, పాస్‌పోర్టు తిరిగివస్తుంది. తండ్రి ఒకరోజు కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

కాబట్టి ఈ ఏడు పదో తరగతికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు మా మనవి. బడిలో నామినల్ రోల్ పంపకముందే అందులోని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మీ కళ్లతో చూసుకోండి. చదువు రానివారు మొహమాటపడవద్దు, ఆధార్ కార్డు, జనన పత్రం తీసుకొని ఆదివారం జొహర్ నమాజు తర్వాత మా దగ్గరికి రండి. అక్షరం అక్షరం సరిచూసి పంపుతాము.