ఆదివారం రెండు గంటలు

(షోలాపూర్‌లో ట్రస్టు స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



నన్ను చదువు ప్రాముఖ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ హాలులో కూర్చున్న తల్లిదండ్రులకు చదువు విలువ నేను కొత్తగా చెప్పేదేముంది? కడుపు కట్టుకొని పిల్లల్ని ఇక్కడిదాకా తెచ్చిన వాళ్లు మీరు. అందుకని కార్యదర్శి గారి అనుమతి తీసుకొని, ఇవాళ నేను సెలవు గురించి మాట్లాడతాను. హైస్కూలు పిల్లలకు ఆదివారం ఎలా గడుస్తోంది, ఎలా గడవాలి అన్నదే నా విషయం.

మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బతుకుదెరువు కోసం షోలాపూర్ వచ్చాడు. మా బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో చాదర్లు నేశాడు. మా అవ్వ ఇంట్లో బీడీలు చుట్టింది. ఇది నా ఒక్కడి కథ కాదు. ఇక్కడున్న వాళ్లలో చాలామంది ఇళ్లలో ఇదే కథ. 1974లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా పెదబాపుకు ఇంటి వెనక రెండు చేనేత మగ్గాలు ఉండేవి. ఆదివారం వస్తే వాటికి కండెలు చుట్టడం నా పని. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటేది. నా చేయి రాట్నం మీద, నా చెవులు మాత్రం బడి గ్రౌండు వైపు. అక్కడ మా క్లాసు పిల్లలు ఖో-ఖో ఆడుతుండేవారు.

ఒకసారి కండెలు సగంలో వదిలేసి పారిపోయాను. ఆడుతూ ఆడుతూ చూస్తే గేటు దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వీపు చిట్లుతుందనుకున్నాను. బాపు ఏమీ అనలేదు. ఆట అయ్యేదాకా చూసి, నన్ను వెంటబెట్టుకొని ఇంటికి తీసుకెళ్లాడు. ఆ రాత్రి అన్నం దగ్గర అవ్వతో, "ఐతారం పొద్దుగాల రెండు గంటలు పోరడు ఆడుకోని రానీ. ఆ కండెలు నేను చుడుతా" అన్నాడు. ఆరు రోజులు మగ్గం మీద నిలబడ్డ మనిషి ఏడో రోజు నా వంతు పని తన నెత్తిన వేసుకున్నాడు. నేను పదో తరగతి పాసయ్యేదాకా ఆ మాట తప్పలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇంత పొందిన నేను దీన్నే ఇంకొక బిడ్డకు లేకుండా చేశాను. ఆ తప్పు నలుగురిలో చెప్పుకోవాలని ఇన్నాళ్లకు వచ్చాను.

1999లో నేను పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. రిజల్టు పెంచాలని ఆదివారం పొద్దున ప్రత్యేక క్లాసు పెట్టాను. ఆ బ్యాచిలో ఒక అమ్మాయి ఉండేది. చదువులో మధ్యస్థం. ఖో-ఖోలో మాత్రం ఆ పిల్ల లేస్తే అవతలి జట్టు గుండెలు జారేవి. ఆడపిల్లల జట్టుకూ ప్రాక్టీసు ఆదివారమే. ఒకరోజు వాళ్లమ్మ బడికి వచ్చింది. "సారూ, ఇంట్ల వెయ్యి బీడీలు చుట్టాలె. ఐతారం మీ క్లాసు ఉన్నది, ఆటా ఉన్నది. మూడూ అయితలేవు. ఏది బంద్ చేయమంటరు?" అని అడిగింది. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "ఆట మానిపించమ్మా. ఆట అన్నం పెడుతుందా?" అన్నాను.

ఆ తల్లి నా మాట మీద నమ్మకంతో ఆట మానిపించింది. ఆ పిల్ల క్లాసుకు వచ్చేది, వెనక బెంచీలో కూర్చునేది. పదో తరగతి పాసైంది. లెక్కల్లో నేను అనుకున్నన్ని మార్కులు రాలేదు. ఆ తర్వాత చదువు ఆగిపోయింది, పెళ్లి అయింది. నేనూ మరిచిపోయాను.

2023లో నారళీ పున్నమి నాడు మార్కండేయ రథోత్సవంలో ఒకామె వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. పక్కన ఎనిమిదో తరగతి చదివే కూతురు. నేను ఆనవాలు పట్టలేకపోతే తానే చెప్పింది. "సార్, మీరు చెప్పిన లెక్కలు ఒక్కటీ యాదికి లేవు. గ్రౌండుల ఉరికింది మాత్రం యాదికున్నది. ఆట బంద్ అయినంక మళ్ల ఎన్నడూ ఉరకలే" అంది. అందులో నిష్ఠూరం లేదు, నవ్వుతూనే అంది. తర్వాత కూతురి తల మీద చేయి వేసి, "ఇది గూడ ఖో-ఖో ఆడుత అంటున్నది. ఏం చేయమంటరు?" అని అడిగింది. ఆ తల్లి అడిగిన ప్రశ్నే ఈ తల్లీ అడిగింది. ఆడించమన్నాను. అయితే మాట చెప్పడం తేలిక. ఆ పిల్లకు ఆడే చోటు, తోడు, సమయం ఎవరు ఇస్తారు? అదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ఖో-ఖో సంగతి చూడండి. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు. తొమ్మిదో ఆటగాడు తరుముతాడు. తరిమేవాడు వెనక్కి తిరగరాదు. వెనక నుంచి "ఖో" అనేదాకా కూర్చున్నవాడు లేవరాదు. అన్నాక ఒక్క క్షణం ఆలస్యం చేయరాదు. వంతు వచ్చేదాకా ఓపికగా కూర్చోవడం, వంతు రాగానే లేవడం, తనకు అందనిది పక్కవాడికి అప్పగించడం ఈ ఆటలో వస్తాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద రాసి నేర్పలేకపోయినవి ఇవే. ఖర్చంటారా? రెండు స్తంభాలు, చదునైన నేల చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖో-ఖో ప్రపంచ కప్ జరిగింది. మన దేశం మహిళల జట్టు, పురుషుల జట్టు రెండూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి గెలిచాయి. మహిళల కెప్టెన్ ప్రియాంక ఇంగ్లే, పురుషుల కెప్టెన్ ప్రతీక్ వాయ్‌కర్ ఇద్దరూ మన మహారాష్ట్ర వాళ్లే. అందరూ ఆ మెట్టు ఎక్కుతారని కాదు. "ఆట అన్నం పెడుతుందా" అన్న నా మాటకు జవాబు చెబుతున్నాను.

ఆటే ఆడాలని కూడా లేదు. బొమ్మలు వేసే పిల్లలకు మన రాష్ట్రంలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. వాటికీ, పై స్థాయి క్రీడలకూ పదో తరగతిలో అదనపు మార్కులు ఇచ్చే పద్ధతి ఉంది. నిబంధనలు మారుతుంటాయి కనుక బడిలో అడిగి తెలుసుకోండి. ఎన్‌సీసీ ఉన్న బడి అయితే రెండేళ్ల శిక్షణ తర్వాత 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చు. ఊరు చూడడం కూడా చదువే. చలికాలంలో హిప్పర్గా చెరువుకు వలస పక్షులు వస్తాయి. నాన్నజ్ దగ్గర బట్టమేక పిట్ట కోసం 1979లో ఏర్పడిన అభయారణ్యం ఉంది. ఆ పిట్ట ఇప్పుడు కనపడడమే అరుదు, కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి. మన భుయీకోట్ కోట పక్క నుంచి రోజూ బడికి పోయే పిల్లల్లో ఎందరు లోపలికి వెళ్లి చూశారు?

ఇప్పుడు మగపిల్లల ఆదివారం ఎక్కువగా సెల్‌ఫోను తినేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి పని ఉండాలని చెబుతోంది. బొటనవేలికి పని ఉంటే సరిపోదు కదా! ఆడపిల్లల సంగతి వేరు. వాళ్లకు ఆదివారమే పని ఎక్కువ. బట్టలు, గిన్నెలు, తమ్ముళ్లు, ఆపైన ఒళ్లో చాట.

ఆ చాట గురించి దాచకుండా మాట్లాడతాను. బీడీ పనిలో చిన్నపిల్లలను పెట్టరాదని 1986 చట్టంలోనే ఉంది. చట్టం మాట అలా ఉంచి, ఇంటి లెక్కే చూద్దాం. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలంటే 40 కట్టలు. రెండు గంటల్లో ఆ పిల్ల చేసేది మహా అయితే నాలుగైదు కట్టలు. ఆ ఇంటికి అది చిన్న మొత్తమని నేను అనను. మా అవ్వ వేళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ మూడేళ్లకు 156 ఆదివారాలు. రెండేసి గంటల చొప్పున 312 గంటలు. ఆ పిల్ల జీవితంలో తనవి అని చెప్పుకోవడానికి ఆ మూడు వందల గంటలే ఉంటాయేమో. తర్వాత మనం ఇద్దామన్నా ఇవ్వలేము.

ట్రస్టు పెద్దలకు మూడు విన్నపాలు. మొదటిది, ఈ హాలు, దీని ఆవరణ ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు హైస్కూలు పిల్లల కోసం తెరవండి. రెండోది, ఆడపిల్లల కోసం ఇద్దరు పెద్ద ఆడవాళ్లు అక్కడ ఉండేలా చూడండి. "ఎవరున్నరు అక్కడ?" అని ఏ తల్లి అయినా అడుగుతుంది, అడగాలి కూడా. మూడోది, స్కాలర్‌షిప్ ఫారంలో మార్కులు, ఆదాయం అడుగుతున్నాం. "ఆదివారం ఏం చేస్తావు?" అని ఒక గడి పెట్టండి. దానికి మార్కులు వేయవద్దు, ఎవరికీ స్కాలర్‌షిప్ తగ్గించవద్దు. చదివితే చాలు. మన పిల్లలు ఎలా బతుకుతున్నారో మనకు తెలుస్తుంది. తాళం తీసే బాధ్యత, లెక్కల్లో వెనకబడ్డ వాళ్లకు ఆట అయ్యాక ఒక గంట చెప్పే బాధ్యత నావి. ఈసారి ఆట ముందు, లెక్కలు తర్వాత.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఎగ్జామ్ నెలల్లో ఆపండి, నేను కాదనను. మిగతా ఆదివారాల్లో ఆ రెండు గంటల పని మీరు పంచుకోండి. మా బాపు పంచుకున్నాడు. అన్న ఉన్న ఇంట్లో అన్న గిన్నెలు తోమితే వాడి మీసాలు ఊడిపోవు.

పిల్లలూ, మీకు ఇచ్చిన రెండు గంటలు ఎవరో తమ విశ్రాంతి నుంచి తీసి ఇచ్చినవి. అవి ఫోనులో పోగొట్టవద్దు. చెమట పట్టేలా ఆడండి. సమయానికి ఇంటికి వెళ్లండి.

వచ్చే ఆదివారం ఏడు గంటలకు నేను ఈ గేటు దగ్గర ఉంటాను. రథోత్సవంలో కలిసిన ఆ తల్లికి కబురు పంపాను. వస్తుందో రాదో తెలియదు. మీ పిల్లలను మాత్రం పంపండి.