దీపమార్పి దయ్యమును వెదకుట

మొన్న మా లింగాల ఘనపూర్‌లో రాత్రి భోజనములైన పిదప మా మనుమరాలు నన్ను టెలివిజను ముందు కూర్చుండబెట్టినది. “తాతా, దయ్యాలను పట్టేటోళ్లు వస్తున్నరు, చూడు” అని నా చేయి విడువలేదు. వచ్చినవారు భూతవైద్యులు కారు. చేతులలో వేపమండలు లేవు, నొసట విభూతి లేదు. నలుగురు యువకులు, వీపున సంచులు, చేతులలో యంత్రములు. పాడుపడిన ఒక కోటలో రాత్రియంతయు గడపి, అచట దయ్యమున్నదో లేదో పరిశోధించి తేల్చెదమని వారి ప్రతిజ్ఞ.

నేను కడవరకు చూచితిని. చూచినదానిని గూర్చియు, దానివలన నాకు జ్ఞప్తికి వచ్చిన ఒక పాత అపరాధమును గూర్చియు నేడు మీకు మనవి చేయదలచితిని.

కోటలో ప్రవేశింపగానే వారు మొదట చేసిన పని దీపములన్నియు ఆర్పుట. నాకు నవ్వు వచ్చినది. తప్పిపోయిన ఎద్దును వెదకబోవువాడు లాంతరు వెలిగించుకొని పోవునే గాని, వెలుగుచున్న లాంతరును ఆర్పి పోవునా? పిదప ఒకడొక చిన్న యంత్రమును ముందుకు చాచెను. దాని దీపములు మిణుకుమనగానే “ఇచట ఏదో ఉన్నది” అని కేక వేసెను. ఆ యంత్రము విద్యుదయస్కాంత క్షేత్రమును కొలుచునది. గోడలోని కరెంటుతీగ దాపునకు పోయినను, జేబులోని సెల్‌ఫోను దాపునకు పోయినను అది వెలుగును. దయ్యమును చూచి వెలుగునని ఇంతవరకు ఎవరును నిరూపింపలేదు.

మరియొకడు కెమెరాలో తేలియాడు తెల్లని గుండ్రని చుక్కలను చూపి, ఇవి ఆత్మలనెను. చీకటిలో పనిచేయు ఆ కెమెరా మన కంటికి కానరాని పరారుణకాంతిని వెదజల్లును. కటకమునకు మిక్కిలి దగ్గరగా ఎగురు దుమ్ముకణముపై ఆ కాంతి పడి మరలి వచ్చినప్పుడు, ఆ కణము పెద్ద చుక్కవలె కనబడును. మన కల్లములో వడ్లు తూర్పారబట్టు వేళ ఆ కెమెరాను నిలిపినచో లక్ష ఆత్మలు కనబడగలవు.

గంటసేపు గడచినది. దయ్యము రాలేదు. అయినను లేదని వారు చెప్పలేదు. “ఏదో శక్తి ఉన్నది” అని ముగించి, వచ్చే వారము మరియొక చోటు చూపెదమనిరి. లేదని చెప్పినచో వచ్చే వారము చూచువారెవరు?

ఈ వేడుక క్రొత్తది కాదు. టెలివిజను ఇంటింటికి రాక పూర్వమే రేడియో దీనిని చేసి చూచినది. 1936వ సంవత్సరము మార్చి 10వ తేదీ రాత్రి హ్యారీ ప్రైస్ అను పరిశోధకుడు, ఇంగ్లండులోని కెంట్ ప్రాంతమున దయ్యములకొంపయని పేరుపడిన ఒక ఇంటినుండి బి.బి.సి. ద్వారా ప్రత్యక్షప్రసారము గావించెను. యంత్రములను అమర్చి వేచియుండిరి. దయ్యము పలుకలేదు. తరువాత బ్రిటనులోనే 2002లో ‘మోస్ట్ హాంటెడ్’ అను టెలివిజను కార్యక్రమము ఆరంభమై మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అందులో మోసమున్నదని ఫిర్యాదులు రాగా, అచటి ప్రసారనియంత్రణసంస్థయగు ఆఫ్‌కాం 2005లో విచారించి, అది వినోద కార్యక్రమమే గాని నిజమైన పరిశోధన కాదని తీర్పు చెప్పినది. వినోదమే కావున తప్పుపట్టక విడిచినది. మన దేశములో 1994 నాటి కేబుల్ టెలివిజను నిబంధనలయందు మూఢవిశ్వాసమును ప్రోత్సహించు కార్యక్రమములు కూడవని వ్రాయబడియున్నది.

మరి నిజమైన పరిశోధన యెట్లుండును? 1921లో అమెరికాలోని ఒక నేత్రవైద్యుడు ఒక కుటుంబము కథను వైద్యపత్రికలో ప్రకటించెను. క్రొత్తగా చేరిన ఇంటిలో వారికి అడుగుల చప్పుడు వినబడెడిది, ఎవరో నిలిచినట్లు రూపములు కనబడెడివి, పిల్లలు పాలిపోయిరి. తుదకు పరీక్షింపగా ఇంటిని వెచ్చజేయు కొలిమి చెడి, దాని విషవాయువు గదులలోనికి వచ్చుచున్నదని తేలినది. బొగ్గు సరిగా కాలనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. కొలిమిని బాగుచేయగానే దయ్యములు పోయినవి. చలికాలమున తలుపులు బిగించి కుంపటి పెట్టుకొని నిద్రించువారు ఈ కథను మరువరాదు. అచట “దయ్యమే” అని ఊరకున్నచో ఆ కుటుంబమే దక్కకపోవును.

పెద్దలారా, ఇంతవరకు నేను చెప్పినది దూరపు మాట. ఇక దగ్గరి మాట చెప్పెదను. తెరమీది దయ్యమునకు పేరు లేదు. అది వచ్చినను రాకున్నను ఎవరికిని నష్టము లేదు. మన పల్లెలలో బాణామతియని పుకారు పుట్టినచో, ఏమి జరిగినదని అడుగువారు లేరు. ఎవరు చేసిరని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చు పేరు చాలసారులు దిక్కులేని ముసలిదానిదే యగును.

నాకు పదునారేండ్ల ప్రాయమున, మా వాడలో ఒక ఇంటిమీద రాత్రులు రాళ్లు పడుచున్నవని అలజడి పుట్టినది. పెద్దమనుషులు కావలి కాయబోగా నేను వారికి లాంతరు పట్టితిని. ఆ రాత్రి వాన కుండపోతగా కురియుచుండెను. మేము చూచుచుండగనే వసారాలో దబ్బున రాయి పడెను. అందరును వెనుకకు దుమికిరి. నేను వంగి ఆ రాతిని ఎత్తితిని. అది పొడిగా ఉండెను.

వానలో బయటినుండి వచ్చిన రాయి తడియకుండ ఎట్లుండును? అది ఇంటిలోపలినుండియే వచ్చినదని నాకు తత్క్షణమే తోచినది. కాని పెద్దల నడుమ నోరు విప్ప జంకితిని. రాతిని చీకటిలో జారవిడిచితిని. రెండు దినములకు పరయూరి మంత్రగాడు వచ్చి ఒక వితంతువు ఇంటివైపు వ్రేలు చూపెను. ప్రతియేట జీడికల్ జాతరలో పేలాలమ్ముకొని బ్రతుకు ఆమె, ఆ వారములోనే మూటగట్టుకొని ఊరు విడిచినది. మరుసటి యేట జాతరలో ఆమె అంగడి లేదు. ఆ పిదపను లేదు. కొన్నాళ్లకు ఆ ఇంటి పిల్లవాడే, బడికి పోలేక, రాళ్లు విసరితినని ఒప్పుకొనెను. అందరును నవ్వి ఊరకుండిరి. ఆమెను వెదకి పిలుచుకొని వచ్చుటకు ఎవరును పోలేదు. నేనును పోలేదు.

ఆమె అదృష్టవంతురాలనవలెను. చేతబడి యనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన వార్తలను మనము పత్రికలలో ఎన్నిమార్లో చదివితిమి.

కాబట్టి నా విన్నపమిది. పిల్లలు ఆ కార్యక్రమములను చూడనిండు. మీరును ప్రక్కన కూర్చుండి చూడుడు. దీపమెందుకు ఆర్పిరో వారిని అడుగుడు. పసుపులో సున్నము కలిపి ఎఱ్ఱజేసి, నెత్తురు పుట్టించు మంత్రమిదేయని చూపుడు. మీ ఊర అట్టి అలజడి పుట్టినచో, పేరు అడుగకముందు రాతిని పట్టి చూడుడు. రోగియున్నచో మొదట వైద్యుని పిలువుడు. ఎవరిమీదనైన వ్రేలు లేచినచో, ఆ గడపలో పోయి మీరే మొదట కూర్చుండుడు. పెద్దమనిషి కూర్చున్న గడపను త్రొక్కుటకు గుంపు జంకును. ఆ మూలనున్న పిల్లవాడు ఏమైన చెప్పబోయినచో, చెప్పనిండు.

ఆ రాత్రి కార్యక్రమము ముగిసిన పిదప మా మనుమరాలు పెరటిలో ఏదో గీరుచున్న చప్పుడు విని నన్ను కరచుకొనినది. నేను దీపము తీసికొని దానిచేయి పట్టుకొని పోతిని. ఎండిన తాటికమ్మ యొకటి గాలికి రేకులమీద రాచుకొనుచుండెను. దీపమును దానిచేతికే ఇచ్చితిని. అది మూడుమార్లు పైకెత్తి చూచుకొని, నిద్రకు పోయినది.

సెలవు.