కొత్త మోకాలికి నడక నేర్పాలి

మీ ఇంట్లో మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవారుంటే దీన్ని వారికి చదివి వినిపించండి. ఈనాటి మాటలు వారి కొరకు, వారిని చూసుకుంటున్న మీ కొరకు.

హనుమాన్ జంక్షన్ పేరు వినని వారు మన ప్రాంతంలో ఉండరు. ఆ కూడలి నుండి ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు పోతుంది. అక్కడ బస్సు దిగే వారిలో చాలామందికి అది చేరవలసిన ఊరు కాదు, బస్సు మారే చోటు. దిగాం కదా అని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోతే ఎవరూ ఇల్లు చేరరు. మోకాలి మార్పిడి ఆపరేషన్ కూడా ఇటువంటిదే, ప్రియులారా. ఆపరేషన్ అయింది, గండం గడిచింది, ఇక విశ్రాంతి తీసుకోవడమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ బస్సు మారాలి. అసలు ప్రయాణం అప్పుడే మొదలవుతుంది.

మన ఇళ్లలో జరిగేది చూడండి. వంగి వరినాట్లు వేసి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని వండి, పిల్లలను పెంచి పెద్ద చేసిన తల్లి, అరవై దాటేసరికి గుమ్మం దిగలేని స్థితికి వస్తుంది. కొడుకులు, కూతుళ్లు డబ్బు కూడబెట్టి విజయవాడలోనో ఏలూరులోనో ఆపరేషన్ చేయిస్తారు. ఇంటికి తీసుకువస్తారు. బంధువులు బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని చూడవస్తారు. అందరిదీ ఒకటే మాట. "కదలకు పిన్నీ, పడుకో. అమ్మను లేపకండిరా." కోడలు కంచం మంచం దగ్గరకే తెస్తుంది. మనుమడు మెత్తటి దిండు తెచ్చి మోకాలి కింద పెడతాడు. ఇదంతా ప్రేమే. కాని ఆ ప్రేమే ఆ తల్లి కాలిని మంచానికి కట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి మీకు చెప్పాలనే నేడు మీ ముందుకు వచ్చాను.

అసలు ఆపరేషన్‌లో ఏమి చేస్తారు? మోకాలి మొత్తాన్ని తీసివేయరు. తొడ ఎముక కింది కొన, కాలి ఎముక పై కొన కలిసే చోట నున్నని మృదులాస్థి ఉంటుంది. అది అరిగిపోయి ఎముక ఎముకతో ఒరుసుకోవడం వల్ల ఆ నొప్పి. అరిగిన ఆ పైభాగాన్ని పలుచగా కోసి, తొడ ఎముకకు లోహపు తొడుగు, కాలి ఎముకకు లోహపు పళ్లెం అమర్చి, రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. దానిని వంచే కండరం, చాచే కండరం మాత్రం మీవే. కీలు డాక్టరు గారు ఇవ్వగలరు. ఆ కీలును నడిపే బలాన్ని మీరే తెచ్చుకోవాలి.

ఈ వైద్యం ఒక్కరోజులో రాలేదు. 1890లోనే బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో మోకాలి కీలు చేసి అమర్చి చూశాడు. అది నిలవలేదు. ఇప్పుడు వాడుతున్న కీళ్లకు మూలమైన నమూనా 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం చేతుల్లో రూపుదిద్దుకున్నది. ఆ బృందంలో మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఒకరు. ఆయనే 2000 అక్టోబరులో ముంబైలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారి ఎడమ మోకాలు మార్చారు. 2001 జూన్‌లో కుడి మోకాలు కూడా మార్చారు. మన దేశంలో ఎంతోమంది ఈ ఆపరేషన్ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కీళ్ల ధరలకు పరిమితి పెట్టి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు ధరను పన్ను కాక 54,720 రూపాయలుగా నిర్ణయించింది. అంతకు ముందు దాని ధర లక్షన్నర దాకా ఉండేది. అలా ఈ వైద్యం మధ్యతరగతి ఇళ్లకు కొంత దగ్గరయింది.

ఇంకొక దృశ్యం మీరు టీవీలో చూసే ఉంటారు. 2023 డిసెంబరులో తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు జారిపడగా హైదరాబాదులో ఆయనకు తుంటి కీలు మార్చారు. ఆయనది మోకాలు కాదు, తుంటి. అయినా గమనించండి. ఆపరేషన్ అయిన మరునాడే డాక్టర్లు ఆయనను వాకర్ పట్టించి నడిపించారు. ఆయనపై వారికి దయ లేకనా? కాదు. నడిపించడమే ఆ వైద్యంలో దయ. మోకాలికి కూడా ఇదే పద్ధతి. అదే రోజునో మరునాడో మంచం దింపి నిలబెడతారు.

ఎందుకింత తొందర? కోసిన చోట లోపల మచ్చ కండ పెరుగుతుంది. కాలు కదలకపోతే ఆ మచ్చ బిగుసుకుని కీలు గడ్డకట్టినట్లవుతుంది. తరువాత వంగమంటే వంగదు. కొందరికి మరల మత్తుమందిచ్చి కాలు వంచవలసి వస్తుంది. పైగా కదలని కాలి పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. కనుక మొదటి మూడు నెలలు విత్తనాల కాలం వంటివి. అదను దాటితే ఎంత నీరు పెట్టినా ఆ పంట రాదు.

చేయవలసినవి కష్టమైన విద్యలేమీ కావు. పాదాన్ని పైకి కిందికి ఆడించాలి. కాలు చాపి, తొడ కండరాన్ని బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. మోకాలు వంచకుండా కాలు పైకెత్తాలి. మంచం మీద మడమను మెల్లగా వెనుకకు జరుపుతూ మోకాలు వంచాలి. రోజుకు ఎన్నిసార్లు చేయాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగా ఉంటుంది గాని కాలు పూర్తిగా చాపుకోవడం పోతుంది. కావాలంటే మడమ కింద పెట్టండి. మొదటి కొద్ది వారాలకే, కుర్చీలో కూర్చుని పాదం నేలకానించినంత వంపు, అంటే 90 డిగ్రీలు, వచ్చేలా చూసుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. డాక్టరు రాసిన నొప్పి మాత్రను వ్యాయామానికి కొంచెం ముందుగా వేసుకోవచ్చేమో అడగండి. చేసిన తరువాత గుడ్డలో చుట్టిన ఐసు పెడితే వాపు తగ్గుతుంది.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. నొప్పి ఉంటుంది. కొన్ని వారాలు రాత్రులు నిద్ర పట్టదు. తెల్లవారుజామున మూడు గంటలకు మేలుకుని, "ఎందుకు చేయించుకున్నానురా దేవా" అని కన్నీరు పెట్టుకునే వారు ఉన్నారు. వాపు, వేడి కొన్ని నెలల వరకు ఉండవచ్చు. కుట్టు పక్కన చర్మం మొద్దుబారినట్లుంటుంది. నడిచేటప్పుడు టక్కుమని చప్పుడు రావచ్చు. వీటిలో చాలావరకు మామూలే. కొందరికి నొప్పి పూర్తిగా పోదన్నది కూడా నిజమే. కాని పిక్కలో నొప్పితో కూడిన వాపు, జ్వరం, కుట్టు నుండి చీము కనబడితే తెల్లవారేదాకా ఆగకండి, ఆసుపత్రికి ఫోను చేయండి. ఆయాసమో ఛాతీనొప్పో వస్తే 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగరు ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకోండి.

"పక్కింటావిడ మూడు వారాలకే కర్ర లేకుండా నడిచింది, నాకేమిటి ఇలా?" అని కొందరు కుంగిపోతారు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో శృంగారమను దేవాలయపు ద్వారము దగ్గర కూర్చున్న కుంటివాని సంగతి మనకు తెలుసు. అతడు ఆ క్షణమే లేచి గంతులు వేశాడు. అది చదివి, నాకు అలా జరగలేదు కనుక నా విశ్వాసంలో లోపమున్నదేమో అనుకోకండి. హిజ్కియా రాజు సంగతి కూడా చదవండి. దేవుడు అతని ప్రార్థన విన్నాడు, కన్నీళ్లు చూశాడు. అయినా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమని ప్రవక్త చెప్పాడు. స్వస్థత ప్రార్థనలో నుండి వచ్చింది, మందులో నుండి కూడా వచ్చింది. పొద్దున, సాయంత్రం చేసే వ్యాయామం మీ అంజూరపు ముద్ద అనుకోండి. ప్రార్థన చేసి దానిని మానకండి. దానిని చేస్తూ ప్రార్థన మానకండి.

ఇంకొక దుఃఖమున్నది. డాక్టరుతో చెప్పుకోలేక మన పెద్దలు లోలోపల మోసే దుఃఖం అది. "నలభై ఏళ్లు మోకాళ్లూని ప్రార్థించాను. ఇప్పుడు మోకరించలేకపోతున్నాను. దేవుని ముందు కుర్చీలో కూర్చోవడమా?" అని బాధపడతారు. గాయం పూర్తిగా మానిన తరువాత, డాక్టరును అడిగి, మెత్తని దిండు మీద మోకరించగలిగే వారు కొందరున్నారు. చాలామందికి అది ఇబ్బందిగానే ఉంటుంది. చేయలేకపోతే ఏమవుతుంది? దావీదు రాజు దేవుని సన్నిధిని కూర్చుండి ప్రార్థించాడు. హిజ్కియా మంచం మీదనే గోడవైపు తిరిగి ప్రార్థించాడు. ముసలివాడైన యాకోబు చేతికర్ర మీద ఆనుకుని దేవునికి నమస్కరించాడు. వీరిలో ఎవరి ప్రార్థననూ దేవుడు తోసివేయలేదు. వంగవలసినది హృదయం, తల్లీ. అది వంగడానికి ఏ ఆపరేషన్ అడ్డు రాదు. ఫిబ్రవరిలో గుణదల కొండ మెట్లు ఎక్కుతానని మొక్కుకున్న వారు కూడా కాలి మీద పంతం పట్టకండి. కాలు కుదిరిన తరువాత, డాక్టరు సరేనన్నప్పుడు వెళ్లవచ్చు.

ఇప్పుడు కుటుంబాలకు, సంఘానికి ఒక మాట. అమ్మ పని మీరు చేసిపెట్టకండి, అమ్మ చేసుకునేలా పక్కన నిలబడండి. గ్లాసు మంచం దగ్గరకు తేవడం కంటే, అమ్మను వంటింటి దాకా నడిపించి అక్కడ నీళ్లివ్వండి. దారిలో జారే చాపలు, వైర్లు తీసివేయండి. మరుగుదొడ్డి కూర్చునే రకానికి మార్చి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. నేల మీద పీట వేయవద్దు, చేతులున్న ఎత్తు కుర్చీ వేయండి. ఆమె నొప్పితో అరిచినప్పుడు "ఇక చాల్లే" అని ఆపవద్దు, ఇబ్బంది పెట్టనూ వద్దు. "ఇంకొక్కసారి అమ్మా, నేను లెక్కపెడతాను" అనండి. ఆ లెక్కపెట్టే గొంతులో ఉండే బలం మాత్రలో దొరకదు.

చూడటానికి వెళ్లే సహోదరీ సహోదరులారా, ఎవరికో కాలు చెడిపోయిందనే కథలు మోసుకువెళ్లకండి. సాయంత్రం ఆమె నడిచే వేళకు వెళ్లండి. "రండి అక్కయ్యా, గేటు దాకా వెళ్లి వద్దాం" అని తోడు నడవండి. రేపు ఎదురింటి దాకా, ఎల్లుండి వీధి చివరి దాకా. దారి పొడుగునా ఒక పాట పాడుకోండి. మందిరంలో నడవా పక్కన వారి కొరకు ఒక కుర్చీ వేసి ఉంచండి. పూర్తిగా మార్చిన మోకాలి కీళ్లలో దాదాపు పదింట ఎనిమిది 25 ఏళ్లు పనిచేస్తున్నాయని వైద్యులు లెక్క తేల్చారు. మూడు నెలల కష్టంతో అన్నేళ్ల నడక మన పెద్దలకు తిరిగి వస్తుందంటే, ఆ మూడు నెలలు వారిని ఒంటరిగా వదలవద్దు.

ఇది వింటున్న, చదువుతున్న తల్లీ, తండ్రీ, ఈ పూట వ్యాయామం ఇంకా చేయకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. పాదం ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ప్రభువు మీ అడుగులను స్థిరపరచి, మీకు తోడుగా నడిచేవారిని మీ ఇంట్లోనే లేపును గాక. ఆమేన్.