యాకోబు పత్రిక ముగిసిన రోజు



మొన్న బుధవారం మా గృహకూటంలో యాకోబు పత్రిక పూర్తయింది. ఉన్నవి ఐదే అధ్యాయాలు. అయినా నెలలు పట్టింది. చివర ప్రార్థన, పులిహోర, టీ. అందరూ బైబిళ్లు సంచుల్లో సర్దుకుంటుంటే ఒక పెద్దమ్మ అడిగింది. "అయిపోయింది సరే, ఇప్పుడేం చేద్దాం?"

యాకోబు అడిగేదీ అదే. వాక్యం విని ఊరుకునేవాణ్ణి ఆయన అద్దం చూసుకున్నవాడితో పోలుస్తాడు. పక్కకు తిరగగానే తన ముఖమే మరిచిపోతాడు.

ఈ పత్రికలో గాలి మాటలు లేవు. రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు. మన మందిరాల్లో కుర్చీలెవరికి, చాపలెవరికి? మూడో అధ్యాయం నాలుక గురించి. అది చదివిన వారమే మా కూటంలో చాడీలు కాస్త పెరిగాయి లెండి! ఐదో అధ్యాయంలో, కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. చదువు ముగిసిన రోజే ఒక పని ఎంచుకోండి. ఒక్కటే. ఎవరికి, ఏ రోజు అన్నదీ అనుకోండి. "అందరినీ ప్రేమిస్తాను" అంటే రేపటికి జారిపోతుంది. "శనివారం ఫలానా వాళ్లింటికి వెళ్తాను" అంటే నిలుస్తుంది. పక్కవాళ్లకు చెప్పండి. వచ్చే వారం వాళ్లే అడుగుతారు.

పెద్దమ్మ తన పని అక్కడే చెప్పేసింది. అంట్లు తోమే అమ్మాయి పండక్కి ఊరెళితే నాలుగు రోజుల జీతం కోసిందట. మర్నాడు పొద్దున్నే ఆ డబ్బు లెక్కపెట్టి, పాల కవరు పక్కనే పెట్టి, ఆ పిల్ల కోసం గుమ్మంలో కూర్చుంది.