మాడిన ట్రేలు ఎవరి ఖాతాలో రాయాలి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చిరుధాన్యాల బిస్కెట్ల యూనిట్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)

మైకు ముందు నిలబడింది ఒక్కరే గానీ మాటలు పది మందివీ. రాత్రి మా ఊళ్లో కూర్చుని, అందరం ఒప్పుకున్నాకే కాగితం మీద పెట్టాం.

నివేదికలో మా గురించి ఒక వరుస ఉంది. "బిస్కెట్ల యూనిట్, 10 మంది సభ్యులు, నడుస్తున్నది." నిజమే, నడుస్తున్నది. కానీ మధ్యలో ఆగిపోయింది కూడా. ఎందుకు ఆగిందో చెప్పాలని వచ్చాం. అందులో మా తప్పు ఉంది.

పొయ్యి అంటే మనకేం భయం అక్కా? పుట్టినప్పటి నుంచి కట్టెల పొయ్యి ముందే పెరిగాం. అయితే ఈ ఓవెన్ అనే పొయ్యికి మంట కనపడదు. మీటలు, వెలిగే అంకెలు, లోపల ఏం జరుగుతుందో తెలియదు. శిక్షణకు పోయిన ఐదు రోజులూ సారే చేసి చూపించారు. రాయడం వచ్చినవాళ్లు నోట్సు రాసుకున్నారు, రానివాళ్లు తలూపారు. చివరి రోజు ఫోటో దిగాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం. పది మందిలో మీటను ముట్టుకున్నది ఇద్దరే.

ఓవెన్ ఊరికి వచ్చింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పైన దుప్పటి కప్పాం. దాదాపు నెల రోజులు అలాగే ఉంది. "రేపు చూద్దాం", "అమావాస్య పోనీ", "కరెంటు సరిగా లేదు", ఇవే మాటలు. కిస్తీ మాత్రం ఆగదు కదా!

చివరికి మాలో ఒక చెల్లె ధైర్యం చేసింది. రెండు కిలోల రాగి పిండి (మన పెద్దలు చోళ్లంటారు), డాల్డా, బెల్లం పొడి కలిపి, ఒత్తి, ట్రేలలో పెట్టి, 170 డిగ్రీలకు తిప్పింది. పద్దెనిమిది నిమిషాలకు తీసి వేలితో నొక్కితే మెత్తగా దిగింది. ఉడకలేదని మళ్లీ పది నిమిషాలు పెట్టింది. గోధుమ పిండైతే రంగు మారేది, కంటికి తెలిసేది. రాగి పిండి ముందే నలుపు. పొగ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. రెండు కిలోలూ బొగ్గే.

ఆ వారం మీటింగులో ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మూడు వందల రూపాయల జరిమానా వేశాం. మినిట్స్ బుక్కులో తీర్మానం రాసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. పంచసూత్రాలు నేర్చుకున్న సంఘం కదా, లెక్క అంటే లెక్కే అనుకున్నాం. చెల్లె కిమ్మనకుండా డబ్బు కట్టింది. మరుసటి రోజు నుంచి రావడం మానేసింది. అడిగితే చేనులో కలుపు పని ఉందన్నది.

ఆమె ఒక్కతే మానేస్తే యూనిట్ నడిచేదేమో. మిగిలిన తొమ్మిది మందిమీ ఓవెన్ దరిదాపులకు పోలేదు. ముట్టుకుంటే మూడు వందలు అని అందరికీ అర్థమైంది మరి!

అప్పుడు మా పెద్దమ్మ ఒక మాటన్నది. ఆమెకు చదువు రాదు. తునికాకు కట్టలు కట్టడంలో మా ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. యాభై ఆకులు లెక్కపెట్టకుండానే ఆమె చేతికి తెలుస్తాయి. "నేను పెళ్లై వచ్చిన ఏడు కట్టిన కట్టలు కల్లంలో ఎన్ని తీసి పక్కన పారేసిన్రో మీకేం తెలుసు? మా అత్త జరిమానా వెయ్యలే. పక్కన కూసోబెట్టుకొని మళ్లీ కట్టించింది. మీరైతే నన్ను అడవిలకే రానియ్యకపోదురు" అన్నది. ఎవరికీ నోట మాట రాలేదు.

పది మందిలో తొమ్మిది మందిమీ చెల్లె ఇంటికి పోయాం. తీర్మానం కొట్టేసి, మూడు వందలు చేతిలో పెట్టాం. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. రెండు కిలోలు కాదు, పావు కిలోతో మొదలు. పిండి కలపడం నుంచి మీట తిప్పి ట్రే తీసేదాకా ఒక్కరే చేయాలి. పక్కవాళ్లు నోటితో చెప్పవచ్చు, చేయి మాత్రం పెట్టకూడదు. ఇది చాలా కష్టం అక్కా. చేయి వచ్చినవాళ్లకు చేయి ఆగదు, "ఇటు తే, నేను చేస్తా" అంటారు. అలా లాక్కుంటే రెండో మనిషి ఎప్పటికీ నేర్చుకోదు. పావు కిలో మాడితే పావు కిలోనే పోయింది, కోళ్లకు వేస్తాం.

బిస్కెట్టు గుట్టు తేల్చింది కూడా ఆ చెల్లే. ఒకరోజు ట్రే తీసే సమయానికి ఆమె బిడ్డ ఏడ్చింది. మెత్తగా ఉన్న బిస్కెట్లను అలాగే బల్ల మీద వదిలి పోయింది. పది నిమిషాల తర్వాత వచ్చి విరిస్తే టక్కున విరిగింది! వేడి మీద బిస్కెట్టు మెత్తగానే ఉంటుంది, చల్లారితేనే గట్టిపడుతుంది. తమాషా ఏమిటంటే, నోట్సు తీసి చూస్తే అందులో రాసే ఉంది. రాసినావిడకే గుర్తు లేదు.

మిగతావీ చెడగొట్టే నేర్చుకున్నాం. వేడిగా ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పట్టి మెత్తబడతాయి, వానాకాలంలో మరీను. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు లేదు, ఒట్టి జొన్నతో చేస్తే పొడి పొడిగా రాలిపోతుంది.

2025 జూన్‌లో ప్రధానమంత్రి గారు 'మన్ కీ బాత్'లో మన భద్రాచలం అక్కల 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్ల గురించి చెప్పారు. హైదరాబాద్ నుంచి లండన్ దాకా పోతున్నాయని. వాళ్లే 'గిరి' పేరుతో మూడు నెలల్లో 40,000 శానిటరీ ప్యాడ్లు కూడా తయారు చేశారని. విన్నప్పుడు సంతోషంతో పాటు గుబులు కూడా కలిగింది. మనవి పక్క ఊరి సంతకు కూడా పోవడం లేదే అని. వాళ్లూ అంతకు ముందు పొలం కూలికి పోయినవాళ్లే అన్న మాట కూడా అందులోనే ఉంది. అది మాకు ఎక్కువ పనికొచ్చింది.

సమాఖ్యకు మా విన్నపం ఇది. కొత్త యూనిట్ ఏది పెట్టినా, కుట్టుమిషనైనా క్యాంటీనైనా, రుణం ప్లానులోనే "నేర్చుకునే ఖర్చు" అని ఒక వరుస పెట్టండి. మొదటి నెల చెడిన సరుకు ఆ వరుసలో రాయాలి, మనిషి పేరు మీద కాదు. శిక్షణకు వచ్చే సార్లను, మేడాలను కూడా ముందే అడగండి, ప్రతి సభ్యురాలి చేత కనీసం మూడు సార్లు చేయిస్తారా అని. చేయించకపోతే ఫోటో దిగకండి.

నెల దాటాక అజాగ్రత్త వేరే సంగతి. మొన్న ఒకావిడ ఫోను మాట్లాడుతూ రెండు ట్రేలు మాడ్చింది. ఆ డబ్బు మాత్రం వసూలు చేశాం. ఆమె ఇక్కడే ఉంది, నవ్వుతోంది చూడండి.

ఇప్పుడు టీతో పాటు మీకు ఇస్తున్న బిస్కెట్లు ఆ చెల్లె చేతివే. నల్లగా ఉన్నాయని పక్కన పెట్టకండి అక్కా. అది రాగి పిండి రంగు, మాడలేదు.