నెత్తుటి సాక్ష్యము



మనము కూర్చున్న ఈ సికింద్రాబాదు కార్ఖానా ప్రాంతమునకు ఎంతో దూరము లేని బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తమును గ్రోలిన దోమను చీల్చి, దాని జఠరకుడ్యమున మలేరియా పరాన్నజీవి జాడను కనుగొనెను. నెత్తుటిబొట్టును నిలదీసి రోగమూలమును రాబట్టుట ఈ జంటనగరములకు పాత విద్యయే. నేను ప్రస్తావింపదలచినది అంతకంటె జటిలమైన ప్రశ్న: రోగమేదో తెలిసి, చికిత్స ఆరంభించిన పిమ్మట, అది ఫలించునో లేదో రక్తము ముందుగా చెప్పగలదా? గర్భాశయ ముఖద్వార క్యాన్సరు విషయమున ఈ ప్రశ్న వేలాది ఇల్లాండ్ర ప్రాణములతో ముడిపడి యున్నది.

ఈ ప్రశ్నకు పూర్వరంగమున ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1925లో సైరస్ ఫిస్కేతో కలసి, దేహద్రవములలోని భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున వెలువడిన ఔషధములలో మెథోట్రెక్సేటు ఒకటి. 1948లో ఆయన కన్నుమూసిన ఎనిమిదేండ్లకు, అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియు లీ అను వైద్యుడు, మాయనుండి పుట్టి గర్భాశయమును కబళించు కోరియోకార్సినోమాకు ఆ మందునే ప్రయోగించెను. ఎక్స్‌రేలో కంతులు మాయమైనను, అవి స్రవించు హెచ్‌సీజీ హార్మోను మూత్రమున లేశమైనను మిగిలియున్నంతకాలము లీ మందును ఆపలేదు. కంటికి కానరాని రోగమునకు విషప్రాయమైన మందేల యని అధికారులు ఆయనను తొలగించిరి. కాలక్రమమున తేలినదేమనగా, మధ్యలో మందు మానినవారికి వ్యాధి తిరుగబెట్టినది. హార్మోను శూన్యమగువరకు పుచ్చుకొన్నవారు బ్రతికి బట్టకట్టిరి. 1972లో లీకి లాస్కర్ పురస్కారమైతే వచ్చినది గాని, పోయిన ఉద్యోగము పోయినదే!

ముఖద్వార క్యాన్సరునకు అంతటి నమ్మకమైన సూచిక నేటికిని దొరకలేదు. 1977లో జపానులో కాటో, టోరిగోయె అనువారు కనుగొన్న ఎస్‌సీసీ యాంటిజెన్ ఉన్నది. స్క్వామస్ జాతి కంతులలో అది హెచ్చుగా నుండును. సిస్‌ప్లాటిన్ మందుతో కూడిన రేడియేషను ముగిసిన పిదప అది తగ్గకున్నను, తగ్గి మరల పెరిగినను వైద్యుడు మేల్కొనవలెను. అడినోకార్సినోమా అను మరియొక జాతి కంతులలో మాత్రము అది తరచు మౌనము వహించును. సోరియాసిస్‌లోను, మూత్రపిండములు చెడినప్పుడును క్యాన్సరు లేకయే పెరుగును. పైగా అది చర్మమునను లాలాజలమునను ఉండుటచే, నమూనాను పట్టిన చేతి అజాగ్రత్తయో, ఒక తుమ్ము తుంపరయో నిరోగియైన స్త్రీకి రోగమును అంటగట్టగలదు.

ఖరీదైన పరీక్షల మోజులో చవుకైన హిమోగ్లోబిను పరీక్షను మరువరాదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనతతో నున్నారు. ప్రాణవాయువు చాలని కంతిని రేడియేషను సులభముగా చంపజాలదు. కనుకనే తక్కువ హిమోగ్లోబిను కీడును సూచించును. అయితే సూచిక వేరు, కారణము వేరు: ఎరిత్రోపాయిటిన్ సూదులతో హిమోగ్లోబినును పెంచి చూడగా ఆశించిన మేలు కలుగకపోవుటే గాక, కొందరికి రక్తనాళములలో గడ్డలు కట్టినవి.

నాకు ఎక్కువ ఆశ గొలుపుచున్న సూచిక రక్తములోని హెచ్‌పీవీ అను వైరసు జాడ. ఈ క్యాన్సరునకు మూలమైన ఆ వైరసును 1983లో పట్టి చూపిన హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. కంతినుండి రాలిన వైరసు డీఎన్ఏ చికిత్సానంతరము ప్లాస్మాలో నిలిచియున్నచో, వ్యాధి తిరుగబెట్టు ప్రమాదము హెచ్చని పరిశోధకులు గమనించుచున్నారు. కాని పల్లెనుండి బస్సెక్కి, 1955లో వెలసిన మన ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రికి వచ్చు స్త్రీకి ఆ పరీక్ష అందుబాటులోనికి వచ్చువరకు ఎస్‌సీసీయే గతి. ఒకచోట ఒక యంత్రముతోను, మరియొకచోట వేరు యంత్రముతోను కొలిచిన అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చరాదు గనుక, నేడు పట్టములు స్వీకరించుచున్న స్నాతకులారా, ఆమె చేతికిచ్చు రిపోర్టుపై ఏ పద్ధతిని, ఏ యంత్రముపై కొలిచితిరో వ్రాసి యిండు.